పటం ముందు పెట్టిన కాఫీ

పోయినవారం మనం లీజూను ఆసుపత్రిలో, అత్యవసర విభాగం తలుపు బయట నిలబెట్టి వచ్చేశాం. మనకు వారం గడిచింది గానీ ఆమెకు ఆ మధ్యాహ్నం ఇంకా గడవలేదు. ఆప్రాన్ కూడా విప్పకుండా, షాపులో వేసుకునే రబ్బరు చెప్పులతో అలాగే నిలబడి ఉంది. బయట కీలుంగ్ రేవుపట్నం వాన ఎప్పటిలాగే కురుస్తోంది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్లకు రెండు ముక్కలు. రేవు వెనక కొండదారిలో లీజూకు పొద్దుటి టిఫిన్ల షాపు ఉంది. మొగుడు వెన్‌లుంగ్ సరుకు ఓడలో వంటవాడు, నెలల తరబడి సముద్రం మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది అత్తగారు, పదిహేడేళ్ల కూతురు యున్‌జెన్. వరసకు అత్తగారే గానీ లీజూ పిలిచేది అమ్మా అనే. కన్నతల్లి లేని లీజూకు బాలింత నెలంతా నువ్వులనూనెలో కోడి వండిపెట్టిన మనిషి ఆవిడ. ఇవాళ మామగారి తద్దినం. పటం ముందు పెట్టిన పళ్లేలు తీస్తూ తీస్తూ ఆవిడ ఉన్నట్టుండి కుప్పకూలింది. ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలేసింది, పళ్లు బిగుసుకుపోయాయి. పక్షవాతమని ఇరుగుపొరుగు తేల్చేశారు. లీజూ కూడా అదే నమ్మింది.

తలుపు తోసుకుని డాక్టర్ యెన్ బయటికి వచ్చాడు. చిన్నవాడే, నిద్రలేని మొహం.

"స్కానింగ్ బాగానే ఉందండీ. పక్షవాతం కాదు."

లీజూ రెండు చేతులూ జోడించింది. "మా రేవు దేవతే కాపాడింది. బతికించారు బాబూ."

"ఆగండి, నేనింకా చెప్పడం అవ్వలేదు. గుండె మరీ వేగంగా కొట్టుకుంటోంది. జ్వరం దిగడం లేదు. మూత్రం పరీక్షలో మత్తుమందు బయటపడింది."

"నిద్రమాత్ర అయ్యుంటుందండీ. అప్పుడప్పుడు సగం వేసుకుంటారు."

"నిద్రమాత్ర కాదు. కుర్రకారు రాత్రంతా గెంతడానికి వాడే సరుకు. మీ ఇంట్లో ఎవరు వాడతారు?"

లీజూకు ఒళ్లు మండింది. నోరు ఊరుకునే రకం కాదామె, షాపు నడిపేవాళ్లకు అలా కుదరదు కూడా. "ఏం మాటలండీ అవి? ఆవిడకు డెబ్బై దాటాయి. టీవీలో సీరియల్ చూసి, ముందు గది లైటు ఆర్పి పడుకునే మనిషి. మా అత్తగారు డిస్కోకి వెళ్లొచ్చారంటారా?"

డాక్టరు నవ్వలేదు. "పొద్దుటినుంచి ఏం తిన్నారు?"

"పటం ముందు పెట్టినవే. ఉడికించిన పంది మాంసం, వేయించిన చేప, నారింజ తొనలు. ఓ కప్పు కాఫీ."

"ఏ కాఫీ?"

"ప్యాకెట్ కాఫీ. వేడినీళ్లలో కలుపుకునేది."

డాక్టర్ యెన్ చూపు లీజూ భుజం మీదుగా వెనక్కి పోయింది. ఆమె కూడా తిరిగి చూసింది. ప్లాస్టిక్ కుర్చీలో యున్‌జెన్ ముడుచుకుని కూర్చుంది. అరచేతులు రెండూ స్వెట్టర్ చేతుల్లోకి లాక్కుంది. నోట్లో ఏమీ లేకపోయినా దవడ కదులుతూనే ఉంది.

"ఈమధ్య మత్తుమందును కాఫీ ప్యాకెట్లలో నింపి అమ్ముతున్నారు. ఒకటి కాదు, నాలుగైదు రకాలు కలుపుతారు," అన్నాడు డాక్టరు గొంతు తగ్గించి. "ఏవి కలిపారో తెలిస్తే ఆవిడకు ఏ మందు ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో తెలుస్తుంది. ల్యాబ్‌కు పంపాను, కానీ ఫలితం రేపటికి గాని రాదు. ఆవిడ రేపటిదాకా తట్టుకోలేరు. పోలీసులకు కబురు పెట్టాను, పెట్టక తప్పదు. కానీ నాకు కావలసింది దొంగ కాదండీ. ఆ పొడిలో ఏముందో కావాలి. మీరు మీరు మాట్లాడుకోండి."

ఆయన లోపలికి వెళ్లాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

మామగారికి ప్యాకెట్ కాఫీ అంటే ప్రాణం. బతికున్నన్నాళ్లూ లీజూ కాచిన కాఫీని "గిన్నె కడిగిన నీళ్లు" అని వెక్కిరించి, తన ప్యాకెట్ తనే చింపుకునేవాడు. అందుకని తద్దినం నాడు మాంసం చేప ఉన్నా లేకున్నా ఆ కాఫీ ఉండాలి. ఈసారి కొనడం లీజూ మరిచిపోయింది. ఇవాళ షాపు కట్టేసి, నాలుక కరుచుకుంటూ ఇంటికి వచ్చేసరికి కప్పు అప్పటికే పటం ముందు ఉంది, పొగలు కక్కుతూ. అత్తగారి మొహం చేటంత అయింది.

"నువ్వు మర్చిపోయావు గానీ నీ కూతురు మర్చిపోలేదే! దాని వానకోటు ఆరేద్దామని తీస్తే జేబులో ఉంది, ఎలుగుబంటి బొమ్మ ప్యాకెట్. తాతకోసం కొని చెప్పకుండా దాచుకుంది, పిచ్చిమొహం. నువ్వేమో దాన్ని పొద్దస్తమానం ఆడిపోసుకుంటావు." తర్వాత పటం వైపు తిరిగింది. "విన్నావా ముసలాడా? మనవరాలు కొనిపెట్టింది. ఏదో ద్రాక్షపండు వాసన వస్తోంది. ఈకాలం కాఫీలు ఇంతే కాబోలు, సర్దుకుని తాగు."

అప్పుడే యున్‌జెన్ గదిలోంచి బయటికి వచ్చింది. స్నేహితురాలి పుట్టినరోజని వెళ్లి తెల్లారాక ఇంటికి చేరిన పిల్ల. కప్పును చూసింది, చింపిన ప్యాకెట్‌ను చూసింది, గబగబా వచ్చి చెయ్యి చాచింది. నానమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"తాత తాగకముందే ముట్టుకుంటావేంటే?"

"నానమ్మా, అది బాలేదు. పారబోసేద్దాం."

"తాత నోటి దగ్గరిది పారబోస్తావా? కొన్నదానివి నువ్వే, సిగ్గుపడేదానివీ నువ్వే!"

లీజూ కూడా ఊరుకోలేదు. "ఊరంతా తిరిగొచ్చి ఇక్కడ పద్ధతులు చెప్పకు. పో, మొహం కడుక్కో."

పిల్ల కాసేపు అక్కడే నిలబడింది. ఏదో అనబోయినట్టే ఉంది. మళ్లీ గదిలోకి వెళ్లిపోయింది.

అగరొత్తులు కాలాక అత్తగారు ఎర్రచెక్కలు చేతిలోకి తీసుకుంది. మామగారు తృప్తిగా తిన్నాడో లేదో ఆ జత చెక్కలను నేల మీదికి విసిరి అడగాలి. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే తిన్నట్టు. రెండూ బోర్లా పడ్డాయి. మళ్లీ అడిగింది, మళ్లీ అంతే. "ఇవాళ ముసలాడికి కబుర్లు ఎక్కువయ్యాయి," అని నవ్వి మళ్లీ విసిరింది. తెల్లవారుజామున లేచిన లీజూకు కాళ్లు పీకుతున్నాయి. ఎన్నోసారికో చెక్కలు సరిగ్గా పడగానే గబుక్కున, "హమ్మయ్య. ఆ కాఫీ చల్లారిపోయింది, మీరు తాగెయ్యండమ్మా. పటం ముందు పెట్టింది పారబొయ్యకూడదుగా," అంది. అత్తగారు నిలబడే ఆ కప్పు ఖాళీ చేసింది, మనవరాలు కొన్న కాఫీ కదా అని అడుగున మిగిలిన పొడితో సహా. పోయినవాడు వద్దు వద్దని మొత్తుకున్నాడని ఇప్పుడు ఎవరైనా అంటే అనొచ్చు. అప్పుడు మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆసుపత్రి నడవాలో లీజూ వచ్చి కూతురి పక్క కుర్చీలో కూర్చుంది.

"జెన్‌జెన్." ఆ ముద్దుపేరుతో పిలిచి చాలా కాలమైంది. "పెంగ్ టీచర్ చెప్పిన కాఫీ ఇదేనా?"

మీకు గుర్తుండే ఉంటుంది. పోయిన నెల యున్‌జెన్ బడి నుంచి పెంగ్ టీచర్ గొడుగు ముడుచుకుంటూ షాపుకు వచ్చి, మర్యాదగా, నలుగురూ వినకుండా, "మీ అమ్మాయి కాఫీ తాగుతోందండీ," అని చెప్పింది. లీజూ గరిట ఎత్తి షాపంతా వినేలా, "కాఫీయా? రోజూ పొద్దున్నే ఊరందరికీ నేనే పోస్తున్నాను, ముందు నన్ను పట్టుకెళ్లండి!" అంది. అట్లు తింటున్నవాళ్లు పగలబడి నవ్వారు. టీచర్ మొహం ఎర్రబడింది, గొడుగు తెరవకుండానే వానలోకి వెళ్లిపోయింది. కాఫీ అంటే పిల్లల భాషలో ఏమిటో ఆ వీధిలో చాలామందికి తెలుసు. కాఫీ అమ్ముకునే మనిషికే తెలియలేదు.

"ఊ," అంది యున్‌జెన్.

"నువ్వు తాగుతావా?"

"అందరూ తాగుతారు."

"అందరి సంగతీ నేనడగలేదు."

"ఊ."

లీజూ చెయ్యి పైకి లేచింది. కొట్టడానికి చెంప వెతుక్కుంటే ఆ చెంపలో ఎముక తప్ప ఏమీ కనిపించలేదు. ఇంతలా ఎప్పుడు చిక్కిపోయింది ఈ పిల్ల? సన్నబడుతోందని మురిసి, ఆ మధ్య కొత్త జీన్స్ కూడా కొనిపెట్టింది తను. చెయ్యి దించేసుకుంది.

"ఎందుకే? మా వల్ల ఏం తక్కువైంది?"

"తాగితే భయం వెయ్యదమ్మా. ఎవరితోనైనా మాట్లాడగలను. అందరూ నన్ను చూసి నవ్వుతున్నట్టు అనిపించదు." స్వెట్టర్ చేతులు ఇంకా కిందికి లాక్కుంది. "క్లాసులో నా పేరు నూనెమూకుడు. పొద్దున్నే షాపులో చేసి వెళ్తాను కదా, జుట్టంతా వాసన."

లీజూ తన చొక్కా చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకోబోయి ఆగిపోయింది.

"ఒక్క ముక్క నాతో చెప్పొచ్చు కదే. షాపు పని మానెయ్యమనేదాన్ని."

"మానేస్తే నువ్వొక్కదానివీ ఎలా చేస్తావు?"

ఈ పిల్ల చెడ్డది అయినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

"పోనీ అదలా ఉంచు. పొద్దున్న ఎందుకు చెప్పలేదు? పటం ముందు కప్పు చూశావు. అది విషం, తాగొద్దు అనడానికి నోరు రాలేదా?"

"చెప్తే నన్ను చంపేసేదానివి."

"తిట్టేదాన్ని. కొట్టేదాన్ని. అంతేగా? రాత్రికి అన్నం పెట్టేదాన్ని కదే!"

యున్‌జెన్ వెక్కడం మొదలుపెట్టింది. "అగరొత్తులు కాలేదాకా ఎవరూ ముట్టుకోరు కదా అనుకున్నా. ఈలోపు మీరు వంటింట్లోకి వెళ్తారు, అప్పుడొచ్చి పారబోసి మామూలు కాఫీ పెట్టేద్దామనుకున్నా. మంచం మీద అలా కూర్చున్నా, అంతే. రాత్రి కూడా పడుకోలేదమ్మా, కళ్లు మూతలు పడిపోయాయి. నువ్వు అరిచినప్పుడు మెలకువ వచ్చింది."

తన పిల్ల నిద్రపోయినందుకు ఏ తల్లి తిడుతుంది?

"నేను తాతకోసం కొన్నాననుకుంది కదా నానమ్మ," అంది యున్‌జెన్, వెక్కుల మధ్య. "ఎంత సంతోషపడిందో చూశావా? ఇవాళ తాత తద్దినమని నాకు గుర్తే లేదమ్మా. అది చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు."

ఇద్దరూ ఏడ్చారు. నేల తుడిచే మనిషి వాళ్ల కాళ్ల దగ్గరిదాకా వచ్చి, చూసి, పక్కనుంచి తుడుచుకుంటూ వెళ్లిపోయింది. లీజూయే ముందు తేరుకుంది. లోపల ఉన్న మనిషికి ఏడుపు వల్ల లాభం లేదు.

"ఎవడిచ్చాడు? ఆ ఆహావ్ కుర్రాడేనా? వీధి చివర మోటారుసైకిలు వేసుకుని నిలబడతాడే, వాడేనా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"వాడి మీద ప్రేమ తర్వాత. నానమ్మ పోతుందే! పేరు చెప్పు."

"నాకు తెలీదు."

లీజూ కుర్చీలోంచి జారి నేలమీద మోకరిల్లింది. తడి నేల, ఆప్రాన్ అంచు తడిసిపోయింది. తల్లి బిడ్డ ముందు మోకాళ్ల మీద పడితే బిడ్డ ఆయుష్షు తరుగుతుందని ఆ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. దారినపోయే నర్సు నిలబడిపోయింది.

"లే! అమ్మా, లే! అలా చెయ్యకు!" యున్‌జెన్ భుజాలు పట్టుకుని లాగింది. లీజూ కదల్లేదు. "ఎవరూ ఇవ్వలేదు! నేనే నింపాను!"

"ఏమిటే?"

"ఆహావ్ వాళ్లన్న పొడి తెస్తాడు, ఖాళీ ప్యాకెట్లు తెస్తాడు. నింపి సీల్ వెయ్యడం నా పని. నేనైతే నీటుగా వేస్తానని. సోయాపాల కప్పుల మీద సీల్ చిన్నప్పట్నుంచి వేస్తున్నాను కదా."

"ఎక్కడ వేస్తావు?"

యున్‌జెన్ కళ్లు దించుకుంది. "మన షాపులో. మధ్యాహ్నాలు, నువ్వు పడుకున్నప్పుడు."

తల్లి నడుం వాల్చగానే కూతురు షాపు కడిగి, గిన్నెలు బోర్లించి పెడుతోందని లీజూ వీధంతా చెప్పుకుని తిరిగింది. అలాంటి ఆడపిల్ల ఈకాలంలో ఎక్కడ దొరుకుతుందని కూరగాయలమ్మే ఆవిడ కుళ్లుకుంది కూడా.

"అందులో ఏముందే?"

"తెలీదమ్మా, ఒట్టు. కలిపేది వాళ్లన్న. ఆయనకు తెలుసు. నంబరు నా ఫోన్లో ఉంది. మిగిలిన పొడి కూడా ఉంది, షాపులో పిండి డబ్బాల వెనక." చేతి వెనకవైపుతో ముక్కు తుడుచుకుంది. ఇప్పుడు ఆ మొహంలో భయం తగ్గి ఏదో తెగింపు కనిపించింది, ఆరేళ్లప్పుడు మొదటిసారి ఏడవకుండా టీకా వేయించుకోవడానికి చెయ్యి చాచినప్పటిలాగా. "డాక్టరుకు చెప్పేస్తానమ్మా. ఆయన రాగానే చెప్పేస్తాను."

"చెప్పు తల్లీ. అంతా చెప్పు," అంది లీజూ లేస్తూ.

ఇంతలో నడవా చివర అడుగుల చప్పుడు అయింది. డాక్టర్ యెన్ పక్కన పోలీసు యూనిఫారంలో నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. తడిసిన టోపీ చేత్తో పట్టుకుని, ముందు లీజూకు వంగి నమస్కారం చేశాడు.

"మీ అత్తగారి సంగతి విన్నానమ్మా, బాధపడుతున్నాను. మిమ్మల్ని భయపెట్టడానికి రాలేదు. పిల్లలు తెలియక తాగితే దానికి కౌన్సెలింగ్ ఉంది, దారి ఉంది. పదిమందిని చూశాను, బాగుపడ్డారు." యున్‌జెన్ వైపు చూసి చిన్నగా నవ్వాడు. మళ్లీ లీజూ వైపు తిరిగాక ఆ నవ్వు లేదు. "తయారుచేసి అమ్మేవాళ్ల సంగతి వేరు. దానివల్ల మనిషి ప్రాణం పోతే, పదిహేడేళ్ల పిల్లైనా మా చేతుల్లో ఏమీ ఉండదు. అందుకని ముందు తాగినవాళ్లెవరో, ఇచ్చినవాళ్లెవరో తెలుసుకుందాం. ఆ ప్యాకెట్ ఎవరిది?"

యున్‌జెన్ నోరు తెరిచింది.

"నాది," అంది లీజూ.

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"నేనే కొన్నాను. కాళ్ల నొప్పులకు పనికొస్తుందంటే. రాత్రి బజార్లో."

"ఎవరి దగ్గర?" అన్నాడు పోలీసు.

"వానలో మొహం చూడలేదు."

పోలీసు రాసుకోలేదు. డాక్టర్ యెన్ ఒక అడుగు ముందుకు వేశాడు. "సరేనమ్మా, మీదే అనుకుందాం. అందులో ఏమేం ఉన్నాయి?"

లీజూ తడిసిన ఆప్రాన్ అంచు పిండుకుంది.

"మీరు ఎవర్ని కాపాడుతున్నారో నాకు అర్థమైంది. నాకూ తల్లి ఉంది," అన్నాడాయన. "కానీ లోపలున్నావిడకు మీరిద్దరే ఉన్నారు. కొడుకు సముద్రం మీద ఉన్నాడని మీరే చెప్పారు."

లోపల యంత్రమేదో గట్టిగా మోగడం మొదలుపెట్టింది. నర్సు తల బయటికి పెట్టి కేక వేసింది. డాక్టరు వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

"డాక్టర్!" యున్‌జెన్ కుర్చీలోంచి లేచింది. ఫోన్ అప్పటికే చేతిలో ఉంది. రెండడుగులు వేసేసరికి లీజూ చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది. ఇప్పటిదాకా చెప్పు చెప్పు అని మోకాళ్ల మీద పడిన తల్లే.

"కూర్చో," అంది లీజూ, పెదవులు కదపకుండా. "నువ్వు పొద్దుటినుంచి పడుకునే ఉన్నావు. నీకేమీ తెలీదు."

"అమ్మా, చెయ్యి వదులు. నానమ్మ చచ్చిపోతుంది."

లీజూకు తెలుసు. బాలింతరాలిగా తను నీరసించి పడుంటే, ఈ పిల్లను గుడ్డలో చుట్టి మొదట ఒళ్లోకి తీసుకున్నది ఆ లోపలి మనిషే. అదీ తెలుసు. పోలీసు రెప్ప వెయ్యకుండా తమనే చూస్తున్నాడు, అదీ కనిపిస్తూనే ఉంది.

"అమ్మా!"

లీజూ వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.